కార్డు రాయనివ్వడం లేదా? కాదంటున్నది ఎవరో కనుక్కోండి

బదిలీ ఉద్యోగుల పిల్లలకు వేసవి అంటే సామాన్లు కట్టే కాలం. పుస్తకాలు అట్టపెట్టెల్లోకి, పెట్టెలు లారీలోకి ఎక్కుతాయి. టీసీ చేతికొస్తుంది. బడి కంప్యూటరులో ఏడాదంతా చేసుకున్న పని మాత్రం అక్కడే ఉండిపోతుంది. కొత్త తరగతులు మొదలయ్యే ముందు ఆ యంత్రాన్ని ఫార్మాట్ చేస్తే ఇక అంతే సంగతులు. అందుకే తెలుగు ప్రాజెక్టులను మెమరీ కార్డులోకి ఎక్కించుకుని వెళ్ళమని మేము చెబుతాం. పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్ళై భవనాన్నో, బీచ్ రోడ్డులోని పాత దీపస్తంభాన్నో ఫొటో తీసి, దాని కింద తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకున్న పిల్లలకు ఆ కార్డు చాలా విలువైనది. తీరా ఆఖరి వారంలో అది మొండికేస్తుంది. చదవనిస్తుంది, రాయనివ్వదు.

మా తరగతిలో ఈ చిక్కు మరికాస్త ముదురుతుంది. కారణం, మేము వర్చువల్ మెషిన్ వాడతాం. అంటే ఒక కంప్యూటరు లోపల నడిచే మరో కంప్యూటరు. ఊరు మారినప్పుడల్లా కొత్త బడి, కొత్త యంత్రాలు. ఒకచోట తెలుగు కీబోర్డు ఉండదు, ఇంకోచోట ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అందుకని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, పోతన 2000, లోహిత్ తెలుగు ఫాంట్లు అన్నీ అమర్చిన లినక్స్‌ను వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకుని, వెళ్ళిన ప్రతి ఊరికీ వెంట తీసుకెళతాం. సీ-డాక్ చెన్నై కేంద్రం తయారుచేసిన బాస్ లినక్స్ అయినా, దానికి మూలమైన డెబియన్ అయినా ఇందుకు సరిపోతుంది. బయటి అసలు కంప్యూటరును హోస్ట్ అంటారు, లోపలిదాన్ని గెస్ట్ అంటారు. ఇంటి యజమాని, అద్దెకున్నవారు అనుకోండి. గెస్ట్ ఏం రాయాలన్నా అది హోస్ట్ దాటుకుని కార్డును చేరాలి. ఆ దారిలో ‘కాదు’ అనగలవాళ్ళు చాలామంది ఉన్నారు. తెర మీద వచ్చే మాట ఒకటే కావచ్చు, అన్నవాళ్ళు మాత్రం ఎవరైనా కావచ్చు.

తొందరపడి ‘ఫార్మాట్’ నొక్కకండి. కార్డు చదవనిస్తున్నంతసేపూ అందులో ఉన్నదంతా ముందు హోస్ట్‌లోకి కాపీ చేసుకోండి. మిగతా పని ఆ తర్వాతే.

ఇప్పుడు వర్చువల్ మెషిన్ మూసేసి, హోస్ట్‌లోనే కార్డు తెరిచి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు దాచి చూడండి. ఇక్కడా కుదరకపోతే తప్పు గెస్ట్‌ది కాదు. కార్డును బయటికి తీయండి. పేరు ముద్రించిన వైపు మనకు కనబడేలా, లోహపు పట్టీలున్న అంచు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ అంచున చిన్న మీట ఉంటుంది. అది కిందికి జారి ఉంటే తాళం వేసినట్టే. ఇందులో ఒక వింత ఉంది. ఈ మీట కార్డు లోపలి దేనికీ తగలదు, అది ఎటు ఉందో కార్డుకు తెలియదు కూడా. మీట స్థానాన్ని పసిగట్టేది కార్డు రీడరు, ఆ సంగతి కంప్యూటరుకు చెప్పేదీ అదే. మీ తాతగారి పాత ఆడియో క్యాసెట్లు ఉంటే చూడండి. వెనుక అంచున ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే టేప్‌రికార్డరు దాని మీద రికార్డు చేయదు. ఇదీ అదే ఏర్పాటు. కాబట్టి మీట వదులై జారిపోయినా, రీడరులో పసిగట్టే భాగం పాడైనా, మంచి కార్డు కూడా తాళం వేసినట్టే కనిపిస్తుంది. ఫోన్లలోని మైక్రో ఎస్‌డీ కార్డుకు మీట లేదు. అది దూర్చే అడాప్టరుకు ఉంటుంది. అడాప్టరు మార్చి చూడటం చాలా తేలికైన పరీక్ష.

హోస్ట్‌లో రాయగలిగారనుకుందాం. అప్పుడు కార్డు, మీట, రీడరు బాగున్నట్టే. చిక్కంతా గెస్ట్ వెళ్ళే దారిలో ఉంది. ఆ దారులు మూడు.

అన్నిటికన్నా క్షేమమైనది షేర్డ్ ఫోల్డర్. కార్డు హోస్ట్ చేతిలోనే ఉంటుంది. అందులోని ఒక ఫోల్డరును మాత్రం గెస్ట్‌కు చూపిస్తాం. గెస్ట్‌లో ‘గెస్ట్ అడిషన్స్’ ఎక్కించి ఉండాలి. వర్చువల్‌బాక్స్ అమరికల్లో ఆ ఫోల్డరు పక్కన ‘రీడ్ ఓన్లీ’ అన్నచోట టిక్కు ఉండకూడదు. లినక్స్‌లో మన ఖాతా ‘వీబాక్స్‌ఎస్‌ఎఫ్’ అనే గుంపులో సభ్యత్వం పొందాలి. గుంపులో చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ రావాలి. చాలామంది తప్పేది ఈ చివరి మెట్టు దగ్గరే.

రెండో దారిలో కార్డు రీడరును పూర్తిగా గెస్ట్‌కు అప్పగిస్తాం. ఒకే విద్యార్థి పేరు ఒకేసారి రెండు బళ్ళ హాజరుపట్టీలో ఉండదు కదా. రీడరుకూ అదే నియమం. గెస్ట్ తీసుకోగానే హోస్ట్‌లో అది మాయమవుతుంది. భయపడకండి, టీసీ తీసుకుందంతే. అయితే ఈ పద్ధతి యూఎస్‌బీ పరికరాలకే. చాలా లాప్‌టాపుల పక్కనుండే కార్డు అర లోపల యూఎస్‌బీకి కలిసి ఉండదు, అందుకే ఎంత వెతికినా వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ పట్టికలో కనబడదు. అలాంటప్పుడు విడిగా దొరికే యూఎస్‌బీ కార్డు రీడరు పెట్టుకోవడమే మందు. హోస్ట్ కూడా లినక్స్ అయితే, అక్కడ మన ఖాతా ‘వీబాక్స్‌యూజర్స్’ గుంపులో ఉండాలి. 2022లో వచ్చిన 7.0కు ముందటి వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ 2, 3 వేగాలకు ‘ఎక్స్‌టెన్షన్ ప్యాక్’ వేరుగా వేసుకోవాలి.

మూడో దారి రా డిస్క్. డిస్కు సంఖ్య చెప్పి గెస్ట్‌ను నేరుగా దాని మీదికి వదలడం. కార్డుది ఒకటో నంబరు, కంప్యూటరుది సున్నా అనుకోండి. వేలు తడబడి సున్నా నొక్కితే బడి యంత్రంలోని సమస్తం పోవచ్చు. పైగా విండోస్, విస్టా నాటి నుంచీ, తాను తెరిచి ఉంచిన కార్డు మీద ఇతరులు ఇలా నేరుగా రాయడాన్ని అడ్డుకుంటుంది. ఆ అడ్డంకి మన మంచికే. పిల్లలకు ఈ దారి వద్దే వద్దు.

ఇక గెస్ట్ లోపల. మేము భాషా టీచర్లం కాబట్టి మాటల తేడా పట్టుకుంటాం, మీరూ పట్టుకోండి. ‘పర్మిషన్ డినైడ్’ అంటే నీకు అనుమతి లేదని. వేరే ఎవరికో ఉందన్నమాట. ఖాతా, గుంపు, ఫోల్డరు యజమాని సంగతి చూడాలి. ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటే ఎవరికీ లేదని. అప్పుడు టెర్మినల్‌లో ఎల్-ఎస్-బి-ఎల్-కె అని చిన్న అక్షరాల్లో కలిపి టైపు చేయండి. వచ్చిన పట్టికలో ‘ఆర్ఓ’ అనే నిలువు వరుస ఉంటుంది. కార్డుకు ఎదురుగా అక్కడ 1 ఉంటే రాయొద్దన్న మాట కింది నుంచే వచ్చింది. మీట, రీడరు, వర్చువల్‌బాక్స్ మళ్ళీ చూడాలి. 0 ఉంటే లినక్సే జాగ్రత్తపడి రాయడం ఆపిందని అర్థం. రాస్తుండగా కార్డు లాగేస్తే అందులోని పట్టికలు చిక్కుపడతాయి. ఇంకా చెడగొట్టకూడదని లినక్స్ రాత మానేస్తుంది. కాపీ చేసుకున్నాక విండోస్‌లోని ‘ఎర్రర్ చెకింగ్’ నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. ‘ఫైల్ టూ లార్జ్’ అంటే మాత్రం తాళాల గొడవే లేదు. ఫ్యాట్32 పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు, పొడుగాటి వీడియోలకు ఇదే అడ్డు.

ఇవన్నీ చూసినా, యంత్రాలు మార్చినా కార్డు రాయనంటే అది ముసలిదైపోయిందేమో. ఫ్లాష్ మెమరీలోని అరలు కొన్నిసార్లే రాత భరిస్తాయి. అదనపు అరలు అయిపోయాక కొన్ని కార్డులు ఉన్నది కాపాడుకోవడానికి తమంతట తామే రాతకు తలుపు మూసేస్తాయి. ఇంకొన్ని మరీ మాయలాడులు. రాసినట్టు నటిస్తాయి, తీసి పెట్టగానే పాత ఫైళ్ళే చూపిస్తాయి. సెయింట్ లూయీ వీధిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో తాళపత్రాల సంపద ఉంది. పుదుచ్చేరిలోని శైవ తాళపత్రాలు 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. పాత ఆకు శిథిలమవుతుంటే పూర్వం వాళ్ళు కొత్త ఆకు మీద తిరిగి రాసుకునేవారు. ముసలి కార్డుకూ మరో వైద్యం లేదు. ఉన్నది కాపీ చేసుకుని కొత్త కార్డు కొనడమే.

రాత కుదిరాక ఒక్క పని మిగిలింది. ‘కాపీ అయింది’ అని తెర చెప్పినా కొంత భాగం ఇంకా మెమరీలోనే వేచి ఉండవచ్చు. ముందు గెస్ట్‌లో ‘ఎజెక్ట్’ నొక్కండి. తర్వాత వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ పట్టికలో టిక్కు తీయండి. ఆపై హోస్ట్‌లో కార్డు తెరవండి. ఫైలు పేరు కనబడగానే మూసేయకండి. తెరిచి, ఆఖరి వాక్యం దాకా మీ తెలుగు అక్షరాలు ఉన్నాయో లేదో చదువుకుని, అప్పుడు ఎజెక్ట్ చేసి కార్డు తీయండి.