రౌండ్‌కు 32 పట్‌లు: ఎక్కువా, తక్కువా?

గోల్ఫ్‌లో బంతి గ్రీన్ మీదికి, అంటే హోల్ చుట్టూ గడ్డి పొట్టిగా కత్తిరించిన చోటికి చేరాక, దాన్ని హోల్ వైపు నేల మీదే దొర్లేలా కొట్టే దెబ్బను పట్ అంటారు. అందుకు వాడే క్లబ్ పేరు పటర్. హోల్ వ్యాసం 4.25 అంగుళాలు, బంతి వ్యాసం కనీసం 1.68 అంగుళాలు. ఏ హోల్‌కైనా పార్, అంటే దాన్ని ముగించడానికి పట్టాల్సిన దెబ్బల సంఖ్య, నిర్ణయించేటప్పుడు గ్రీన్ మీద రెండు దెబ్బలు పడతాయని లెక్కవేస్తారు. ఆ ప్రకారం 18 హోల్‌లకు 36 పట్‌లు. పార్ 72 ఉన్న కోర్స్‌లో ఇది సరిగ్గా సగం. అందుకే స్కోర్ తగ్గించుకోవాలనుకున్న అమెచ్యూర్ ఆటగాడు ముందుగా పట్‌లు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. స్కోర్‌కార్డ్‌లో ప్రతి హోల్ పక్కనా ఒక చిన్న అంకె వేసి, చివర్లో కూడి, 36 కంటే తగ్గితే సంతోషిస్తాడు, పెరిగితే కొత్త పటర్ కోసం చూస్తాడు.

ఆ మొత్తం ఒక్కటే చూస్తే దారి తప్పుతాం. ఇద్దరు ఆటగాళ్లు ఒకే రోజు చెరో 32 పట్‌లు కొట్టారనుకుందాం. మొదటివాడు పది గ్రీన్‌లను దూరం నుంచి కొట్టిన అప్రోచ్ షాట్‌తోనే అందుకున్నాడు. బంతి చాలాసార్లు హోల్‌కు పాతిక, ముప్పై అడుగుల దూరంలో ఆగింది. రెండోవాడు అలా అందుకున్నవి మూడే. మిగతా చోట్ల గ్రీన్ అంచు నుంచి చిప్ చేసి, బంతిని నాలుగైదు అడుగుల దగ్గరికి తెచ్చుకున్నాడు. అంత దగ్గరి నుంచి కూడా 32 పట్‌లు పట్టాయంటే అతని పటింగ్ బలహీనమనే అర్థం. మొదటివాడి పటింగ్ నిజంగా బాగుంది. కార్డు మీద మాత్రం ఇద్దరి అంకే ఒకటి. బ్యాటర్ చేసిన పరుగులు చెప్పి, ఆడిన బంతులు చెప్పకపోతే ఎంత తెలుస్తుందో ఇక్కడా అంతే తెలుస్తుంది.

ఈ లోపాన్ని కొంత సరిచేయడానికి ఒక పాత పద్ధతి ఉంది. పార్ కంటే రెండు దెబ్బలు తక్కువలో, అంటే పార్ 4 హోల్‌లో రెండో దెబ్బకే, బంతి చేరిన గ్రీన్‌లను మాత్రమే తీసుకుని వాటిలో సగటు పట్‌లు చూడటం. చిప్ షాట్‌ల ప్రభావం దీంతో పోతుంది. కానీ అప్రోచ్ షాట్‌ను హోల్‌కు దగ్గరగా వేసేవాడికే ఈ లెక్కలోనూ మంచి అంకె వస్తుంది. అంటే ఇది కూడా సగం అప్రోచ్ ఆటనే కొలుస్తోంది.

పటింగ్‌ను పటింగ్‌గా చూడాలంటే కావలసిన సమాచారం ఒక్కటే: మొదటి పట్ ఎంత దూరం నుంచి కొట్టారు. ఈ సంగతిని గణితంగా మలిచినవారిలో కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ ముఖ్యుడు. అమెరికాలోని పీజీఏ టూర్ షాట్‌లింక్ అనే ఏర్పాటుతో తన పోటీల్లో ప్రతి దెబ్బ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో కొలిచి నమోదు చేస్తుంది. బ్రోడీ ఆ లక్షల దెబ్బల నుంచి, ఏ దూరం నుంచి ప్రొఫెషనల్‌కు సగటున ఎన్ని పట్‌లు పడతాయో పట్టిక తయారుచేశాడు. దాని ఆధారంగా స్ట్రోక్స్ గెయిన్డ్ అనే కొలమానం వచ్చింది. పీజీఏ టూర్ 2011లో దీన్ని పటింగ్‌కు అధికారికంగా చేపట్టింది. 2014లో వచ్చిన బ్రోడీ పుస్తకం ‘ఎవ్రీ షాట్ కౌంట్స్’ దీన్ని సాధారణ ఆటగాళ్లకు చేర్చింది.

లెక్క కష్టమైనది కాదు. ఆ పట్టిక ప్రకారం ప్రొఫెషనల్ సగటు 4 అడుగుల నుంచి 1.13 పట్‌లు, 8 అడుగుల నుంచి 1.50, 20 అడుగుల నుంచి 1.87, 30 అడుగుల నుంచి 1.98. ఈ సగటులోంచి నిజంగా కొట్టిన పట్‌లు తీసేస్తే మిగిలేదే లాభం లేదా నష్టం. 8 అడుగుల పట్ ఒక్క దెబ్బలో పడితే అర స్ట్రోక్ లాభం, రెండు పడితే అర స్ట్రోక్ నష్టం. నాలుగు హోల్‌ల ఉదాహరణ చూద్దాం. 30 అడుగుల నుంచి రెండు పట్‌లు, 8 నుంచి ఒకటి, 4 నుంచి రెండు, 20 నుంచి రెండు. మొత్తం ఏడు. ఆశించినది 6.48 కాబట్టి 0.52 స్ట్రోక్ పోయింది. ఆ నష్టానికి మూలం 4 అడుగుల దగ్గర తప్పిన ఒక్క పట్, 0.87 అక్కడే పోయింది. అదే ఏడు పట్‌లు నాలుగు హోల్‌లలోనూ 30 అడుగుల నుంచి మొదలై ఉంటే ఆశించినది 7.92 అయ్యేది, ఆటగాడికి 0.92 లాభం వచ్చేది.

ప్రొఫెషనల్ పట్టికతో పోల్చుకుంటే అమెచ్యూర్‌కు దాదాపు ప్రతి రౌండ్‌లోనూ నష్టమే కనిపిస్తుంది. అందుకు నిరుత్సాహపడనక్కరలేదు. కొలబద్ద మారకుండా ఉండటమే ఇక్కడి ప్రయోజనం. ఈ నెల నష్టం పోయిన నెలకంటే తగ్గిందా, ఏ దూరంలో తగ్గింది అన్నవే చూడవలసినవి.

దూరాల వారీగా విడదీసినప్పుడు అసలు సంగతులు బయటపడతాయి. బ్రోడీ లెక్కల్లో సగటున 90 స్కోర్ చేసే అమెచ్యూర్ 3 అడుగుల నుంచి సుమారు 84 శాతం పట్‌లు వేస్తాడు. ప్రొఫెషనల్ 96 శాతం. 5 అడుగుల దగ్గర అమెచ్యూర్‌ది 50, ప్రొఫెషనల్‌ది 77. 10 అడుగుల దగ్గర 20, 40. 20 అడుగులకు వెళ్తే 6, 15. అంటే ప్రపంచంలోని మేటి ఆటగాళ్లకు కూడా 20 అడుగుల పట్ ఏడింటిలో ఒకటే పడుతుంది. అలాంటి పట్ తప్పినందుకు అమెచ్యూర్ తనను తాను తిట్టుకోవడం అనవసరం, దాన్ని వేయడానికే గంటలకొద్దీ సాధన చేయడం దండగ. తేడా పెద్దగా ఉన్నది 4, 5, 6 అడుగుల దగ్గర. దీనికి కారణం జ్యామితిలోనే ఉంది. బంతి నెమ్మదిగా వెళ్లినా, 5 అడుగుల చదును పట్‌లో దిశ రెండు డిగ్రీలు తప్పితే బంతి మధ్యభాగం హోల్ అంచుకు చేరుతుంది. 10 అడుగుల దగ్గర ఆ వెసులుబాటు ఒక డిగ్రీకి, 20 అడుగుల దగ్గర అర డిగ్రీకి పడిపోతుంది. దగ్గరి పట్‌లో దిశ సరిచేసుకోవడం సాధనతో సాధ్యమే.

దూరపు పట్‌లో చూడవలసినది వేరు. అక్కడ ప్రశ్న బంతి పడిందా అని కాదు, రెండో పట్‌కు ఎంత మిగిలిందని. 35 అడుగుల నుంచి కొట్టిన బంతి హోల్‌కు 3 అడుగుల్లో ఆగితే పైన చెప్పిన అమెచ్యూర్‌కు తర్వాతి పట్ వేసే అవకాశం 84 శాతం. 6 అడుగుల్లో ఆగితే 40 శాతం లోపే. మూడు పట్‌లు పడిన ప్రతి హోల్ దగ్గరా ఆటగాళ్లు తప్పిన రెండో పట్‌ను తలుచుకుని బాధపడతారు. రెండో పట్ దూరం కూడా రాసుకుంటూ పోతే చాలాసార్లు దోషం మొదటి పట్ వేగంలో ఉందని తేలుతుంది. కాబట్టి దూరపు పట్‌ల సాధన అంటే వేగాన్ని అదుపులో పెట్టుకునే సాధన.

తప్పిన తీరు కూడా ఒక అంకె లాంటిదే. బంతి హోల్‌కు ముందే ఆగిందా, దాటిపోయిందా, వాలు పై వైపు తప్పిందా, కింది వైపా అన్నది ఒక్కో అక్షరంతో గుర్తుపెట్టుకోవచ్చు. వాలును తక్కువ అంచనా వేసేవారి బంతి మళ్లీ మళ్లీ కింది వైపే తప్పుతుంది. అది చేతి లోపం కాదు, కంటి అంచనా లోపం. పటర్ మార్చినంత మాత్రాన అది పోదు. మన దేశపు మైదాన ప్రాంతాల్లో గ్రీన్‌ల మీద ఎక్కువగా పెంచేది బెర్ముడా జాతి గడ్డి. అది వాలిన దిశను బట్టి కూడా బంతి వేగం, వంపు మారతాయి. వాన కురిశాక గ్రీన్ నెమ్మదిస్తుంది. గ్రీన్ వేగం కొలిచే స్టింప్‌మీటర్‌ను 1930లలో ఎడ్వర్డ్ స్టింప్సన్ తయారుచేశాడు. క్లబ్ ఆ రోజు వేగం ప్రకటిస్తే దాన్నీ పుస్తకంలో రాసుకోవడం మంచిది.

సమాచారం సేకరించడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. గ్రీన్ మీద బంతికీ హోల్‌కూ మధ్య నడిచేటప్పుడు అడుగులు లెక్కపెట్టుకుంటే చాలు. తన నడకలో ఒక అంగ ఎన్ని అడుగులో ముందే టేపుతో కొలుచుకోవాలి. ఆట ఆలస్యం కాకుండా హోల్ దాటాక రాసుకోవాలి. రెండు విషయాల్లో మాత్రం కచ్చితంగా ఉండాలి. గ్రీన్ బయట అంచు గడ్డి మీద నుంచి పటర్‌తో కొట్టినా అది పట్ కిందికి రాదు. రెండోది, స్నేహితుల ఆటలో మామూలైపోయిన గిమ్మీ. ‘పడిపోయినట్టే, తీసేయ్’ అని వదిలేసిన మూడడుగుల పట్ లెక్కలో పడినట్టుగా చేరితే, మొత్తం లెక్కలో ముఖ్యమైన భాగమే అబద్ధమైపోతుంది. మూడడుగుల పట్‌లు నూటికి పదహారు తప్పే ఆటగాడు వాటిని ఒక్కసారీ కొట్టకుండానే తన పటింగ్ బాగుందనుకుంటాడు. లెక్క రాసుకునే రౌండ్‌లో ప్రతి పట్‌నూ పూర్తిచేయడం తప్పనిసరి.

తొందరపడి తీర్పు చెప్పుకోకూడదు. 5 అడుగుల పట్ వేసే అవకాశం సరిగ్గా సగం ఉన్నవాడు 20 సార్లు కొడితే, అతని నైపుణ్యంలో ఏ మార్పూ లేకుండానే ఆరు పడవచ్చు, పద్నాలుగూ పడవచ్చు. నూరు సార్లు కొడితే ఆ ఊగిసలాట సుమారు 40 నుంచి 60 మధ్యకు తగ్గుతుంది. ఒక రౌండ్ చూసి పట్టు మార్చుకోవడం, రెండు రౌండ్‌లు చూసి పటర్ మార్చడం అదృష్టాన్ని నైపుణ్యంగా పొరబడటమే. పది రౌండ్‌లైతే దాదాపు 180 మొదటి పట్‌లు చేతికొస్తాయి. వాటిని 3 అడుగుల లోపు, 3 నుంచి 6, 6 నుంచి 10, 10 నుంచి 20, ఆపైన అని విడదీస్తే ఎక్కడ నష్టం జరుగుతోందో కొంత నమ్మకంగా చెప్పవచ్చు.

అలా లెక్కవేసుకున్న చాలామందికి తమ పటింగ్ తాము భయపడినంత చెడ్డది కాదని తెలుస్తుంది. బ్రోడీ లెక్క ప్రకారం 90 చేసే ఆటగాడికీ 80 చేసే ఆటగాడికీ మధ్య ఉన్న పది స్ట్రోక్‌లలో పటింగ్ వాటా సుమారు ఒకటిన్నర. మిగతా ఎనిమిదిన్నర డ్రైవ్‌లలో, అప్రోచ్ షాట్‌లలో, చిప్‌లలో ఉన్నాయి. అందులో అప్రోచ్ షాట్‌లదే పెద్ద వాటా.