టెండరుకు కార్బన్ లెక్క: భయం ఎంత, నిజం ఎంత?

శ్రీకాకుళం జిల్లా నిమ్మాడ దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి ఇచ్ఛాపురం వైపు సాగితే టెక్కలి చుట్టూ గ్రానైటు యూనిట్లు, ఆ తర్వాత పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలు తగులుతాయి. రోడ్డు దిగి సముద్రం వైపు మళ్లితే ఉద్దానం కొబ్బరి తోటలు, పీచు పరిశ్రమలు. ఎక్కువ భాగం చిన్న వ్యాపారాలే. ప్రభుత్వ టెండరు దక్కితే ఏడాది గడిచిపోయే వ్యాపారాలు. అలాంటి చోట "కార్బన్ ప్లాన్ లేకపోతే ఇక టెండరే వేయనివ్వరట" అన్న మాట పుట్టిందంటే రెక్కలు కట్టుకుని తిరుగుతుంది. దాని వెనకాలే సర్టిఫికెట్లు అమ్మేవాళ్లూ వస్తారు.

అపోహ: కార్బన్ తగ్గింపు ప్రణాళిక ఇస్తేనే టెండరుకు అర్హత.

ఈ నిబంధన ఉన్నమాట నిజమే, కానీ మన దేశంలో కాదు. బ్రిటన్‌లో ఉంది. 2021 సెప్టెంబరు 30 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వ శాఖలు ఏడాదికి 50 లక్షల పౌండ్లు దాటే కాంట్రాక్టులకు ఈ ప్రణాళిక అడుగుతున్నాయి. మన లెక్కన 50 కోట్ల రూపాయలకు పైమాటే. 2050 నాటికి నికర ఉద్గారాలు సున్నాకు తెస్తామని సంస్థ మాట ఇవ్వాలి, ఇప్పటి ఉద్గారాల లెక్క చూపాలి, ఆ పత్రాన్ని తన వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టాలి. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ మాత్రం 2024 ఏప్రిల్ నుంచి చిన్న కొనుగోళ్లకూ దీన్ని విస్తరించింది. అయితే కాంట్రాక్టు పరిమాణాన్ని బట్టి అడిగేది తగ్గుతుంది. లండన్‌లోనో లీడ్స్‌లోనో ఆసుపత్రులకు సరుకో సేవలో అందించే తెలుగువారెవరైనా ఉంటే ఈ నిబంధన వాళ్లకు వర్తిస్తుంది. పలాస వ్యాపారికి వర్తించదు.

ఇక్కడి చిన్న సంస్థలకు అలాంటి సాధారణ నిబంధన ఏదీ లేదు. పైగా 2012 నాటి సేకరణ విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు, 3 శాతం మహిళలకు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే ధరావత్తు మినహాయింపు కూడా దొరుకుతుంది. లేని కార్బన్ సర్టిఫికెట్ కోసం పరుగెత్తే ముందు ఉన్న ఈ హక్కు వాడుకున్నారో లేదో చూసుకోవాలి.

అపోహ: అయితే ఆ గొడవ మనకు అక్కర్లేదు.

ఇది మొదటిదానికంటే ప్రమాదకరం. మన దగ్గర పర్యావరణ షరతు "కార్బన్" అని పేరు పెట్టుకుని రాదు, కొనే సరుకు రూపంలో వస్తుంది. బొగ్గు విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు కట్టే భవనాల్లో, ధర ఎక్కువ కానంతవరకు, బూడిద ఇటుకల వంటివి వాడాలని కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ చెబుతోంది. పరవాడలోని సింహాద్రి కేంద్రాన్ని లెక్కలోకి తీసుకుంటే శ్రీకాకుళం జిల్లా ఆ వలయంలోకే వస్తుంది. ప్రభుత్వ శాఖలు కొనే విద్యుత్ పరికరాలకు కరెంటు పొదుపును తెలిపే బీఈఈ స్టార్ గుర్తు చూడాలని 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమాలు చెబుతున్నాయి.

ఉద్దానానికి ఇంకా దగ్గరి ఉదాహరణ కొబ్బరి పీచు. మెత్తటి నేలలో రోడ్డు కుంగకుండా పరిచే పీచు చాపలను గ్రామీణ సడక్ యోజన మూడో దశలో వాడాలని 2020లో కేంద్రం నిర్ణయించింది. ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్లు, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164, తెలంగాణ వాటా 121. ప్లాస్టిక్ బట్టకు బదులు మట్టిలో కలిసిపోయే పీచు అన్నమాట. కానీ పీచు తీసి, తాడు పేనడం దగ్గర ఆగిపోయిన యూనిట్‌కు ఇందులో చోటు లేదు. చాప నేసే మగ్గం ఉండాలి, నాణ్యత పరీక్ష నెగ్గాలి. ముడి పీచు లారీకెక్కించి పంపి, నేసిన చాప టెండరు ఇంకెవరికో పోతుంటే చూస్తూ కూర్చోవడం ఉద్దానానికి న్యాయం కాదు.

పెద్ద కాంట్రాక్టర్ల వైపు నుంచి కూడా ప్రశ్నలు రావచ్చు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఏటా పర్యావరణ, సామాజిక వివరాల నివేదిక ఇవ్వాలని సెబీ నియమం. రాళ్లో ఇటుకలో సరఫరా చేసే చిన్న యూనిట్‌ను "మీ కరెంటు వాడకం ఎంత?" అని వాళ్లు అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అపోహ: జీడి ఫ్యాక్టరీలో తొక్కే కాలుస్తాం, బొగ్గు కాదు. మన కార్బన్ సున్నా.

సగం నిజం. పిక్క తొక్క చెట్టు నుంచి వచ్చిందే కాబట్టి అది కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడును అంతర్జాతీయ పద్ధతిలో మామూలు ఉద్గారాలతో కలపరు, పక్కన విడిగా చూపిస్తారు. మీథేన్, నైట్రస్ ఆక్సైడులను మాత్రం లెక్కలో కలపాలి. జనరేటరు డీజిలు, పొట్టు తీసే యంత్రాల కరెంటు సరేసరి. ఆఫ్రికా నుంచి ఓడల్లో దిగే పిక్కల రవాణా కూడా సంస్థ పరోక్ష ఖాతాలోకే వస్తుంది.

ఇంకో మాట. కార్బన్ లెక్కలో తొక్క తేలిపోయినంత మాత్రాన పొగ తేలిపోదు. తొక్కలో ఘాటైన జీడి నూనె ఉంటుంది, అది సరిగ్గా కాలకపోతే చుట్టుపక్కల వాళ్ల కళ్లు మండుతాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వేరు, కార్బన్ లెక్క వేరు. ఒకటి చూపించి రెండోది దాటేయడం కుదరదు.

అపోహ: ఉద్దానమంతా చెట్లే, అవే సరిపెడతాయి.

పక్కవాడి తోట ఫ్యాక్టరీ ఖాతాలోకి రాదు. సొంతంగా నాటినా, చెట్టులో దాగిన కార్బన్ చెట్టు నిలిచినంత కాలమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీద విరుచుకుపడి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఉద్దానం రైతుకు ఇంతకంటే వివరించాల్సిన పని లేదు. చెట్లు నాటాల్సిందే, కానీ ఫ్యాక్టరీలో వాడే కరెంటుకూ డీజిలుకూ అవి జవాబు కావు.

అపోహ: లెక్క కట్టించాలంటే లక్షలు పోయాలి.

చిన్న యూనిట్‌కు మొదటి లెక్క ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులోనూ డీజిలు రసీదుల్లోనూ ఉంది. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, లీటరు డీజిలుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు అనుకోవచ్చు. నెలకు 4,000 యూనిట్లు, 300 లీటర్లు వాడే యూనిట్ ఉందనుకుందాం. కరెంటు వల్ల 2.8 టన్నులు, డీజిలు వల్ల 0.8 టన్ను. మొత్తం 3.6 టన్నులు. కంటికి కనిపించే జనరేటరు పొగ కంటే కనిపించని కరెంటు వాటాయే మూడున్నర రెట్లని తేలింది. అంటే ముందు చూడాల్సింది పాత మోటార్లను. ప్రణాళిక అంటే ఇదే: ఏ ఏడాదితో పోలుస్తాం, ఎంత తగ్గిస్తాం, ఏ పనితో, ఎప్పటికి. రెండు పేజీలు చాలు.

ఖర్చుకు సాయం ఉంది. 2022లో మొదలైన జెడ్ సర్టిఫికేషన్ ఫీజులో సూక్ష్మ సంస్థకు 80 శాతం, చిన్న సంస్థకు 60 శాతం రాయితీ. అది నాణ్యత, వృథా తగ్గింపులకు ఇచ్చే గుర్తింపు, కార్బన్ సర్టిఫికెట్ కాదు. 2025 జులైలో కేంద్రం ఆరంభించిన అదీతీ పథకం విద్యుత్ ఆదా చేసే యంత్రాలకు తీసుకునే రుణాల మీద సూక్ష్మ, చిన్న సంస్థలకు 5 శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. అందులో ఆహారశుద్ధి రంగం ఉంది కాబట్టి జీడి యూనిట్లు అడిగి చూడటంలో తప్పులేదు.

యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను గురించీ కంగారు వద్దు. 2026 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఆ పన్ను సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, విద్యుత్, హైడ్రోజన్ల మీద. జీడిపప్పు, గ్రానైటు పలకలు, కొబ్బరి పీచు ఆ జాబితాలో లేవు.

టెండరు వేసే ముందు నోటీసులో అర్హతల భాగం మొత్తం చదవండి. అక్కడ లేని సర్టిఫికెట్‌ను తప్పనిసరి అని ఎవరైనా అమ్మజూపితే, ఏ నియమం కింద తప్పనిసరో కాగితం మీద రాసిమ్మని అడగండి.