పందెపు బాట - ఇంటి దారి

1975వ సంవత్సరంలో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 'గోల్ఫ్ జి.టి.ఐ.' అనే చిన్న కారును లోకానికి చూపింది. వెనుక తలుపు పైకి తెరుచుకొనే ఇటువంటి కారును 'హ్యాచ్‌బ్యాక్' అంటారు. నలుగురు మనుషులూ, బజారు సరుకులూ పట్టే ఆ కుటుంబ వాహనంలో 110 అశ్వశక్తుల ఇంజను అమర్చగా, అది గంటకు 182 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంది. అయిదువేల కార్లు చాలునని మొదట తలచారు. మొదటి తరం కార్లే నాలుగున్నర లక్షలకు మించి తయారయ్యాయి. ఈ జాతి వాహనాలకు 'హాట్ హ్యాచ్' అన్న పేరు స్థిరపడింది.

వారమంతా ఉద్యోగానికి తీసుకువెళ్ళే కారునే సెలవునాడు పందెపు బాటపై నడపాలన్న కోరిక వీటి యజమానులలో సహజంగా కలుగుతుంది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ఉత్తర వలయం అందుకు పేరెన్నికగన్నది. 1927లో ప్రారంభమైన ఈ బాట అడవికొండల నడుమ 20.8 కిలోమీటర్లు మెలికలు తిరుగుతుంది. 1976లో నికీ లాడా అనే సుప్రసిద్ధ చోదకుడు ఇక్కడే మంటలలో చిక్కి తీవ్రంగా గాయపడ్డాడు. అటుపిమ్మట ఫార్ములా వన్ పందేలు ఈ వలయాన్ని విడిచిపెట్టాయి. అయినను, నిర్ణీత దినాలలో రుసుము చెల్లించి సామాన్యులు తమ కార్లను ఇక్కడ నడపవచ్చు. అప్పుడు అది ఏకదిశా రహదారి మాత్రమే. రహదారి నియమాలన్నీ వర్తిస్తాయి.

కారును మార్చదలచిన యువకుడు మొదట ఇంజను శక్తిని పెంచాలని చూస్తాడు. మొదట ఆలోచించవలసినది ఆగడాన్ని గురించి. గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుందని మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. చోదకునితో కలిపి 900 కిలోల కారు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి సుమారు 11 లక్షల జౌళ్ళు. మూడున్నర లీటర్ల నీటిని మరిగించే స్థితికి తేగల ఈ శక్తిలో అధికభాగం కొద్ది క్షణాలలో బ్రేకు డిస్కులలో వేడిగా మారాలి. అదే కారు 90 కిలోమీటర్ల వేగంతో పోతే ఈ వేడి నాలుగోవంతే. పందెపు బాటపై మలుపు మలుపుకూ ఇదే తంతు.

ఈ వేడి బ్రేకు ద్రవానికి పాకుతుంది. దీనిని మెకానిక్కులు 'బ్రేకు ఆయిల్' అంటారు గాని, ఇది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకొనే ద్రవం. 'డాట్ 4' రకపు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టిన ద్రవానికి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవంవలె గాక ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది. పెడలు అడుగంటుతుంది, కారు ఆగదు! అందుచేత వేలరూపాయల అలంకారాలకంటె ఒక సీసా కొత్త ద్రవం మేలు.

అయితే బాటకు హితమైనదంతా రహదారికి హితం కాదు. పందేలకై చేసిన కొన్ని రకాల బ్రేకు ప్యాడ్లు బాగా వేడెక్కితేగాని పట్టవు. చలి ఉదయాన, వీధి మలుపులో ఒక పిల్లవాడు అడ్డువస్తే ఆ ప్యాడ్లే శత్రువులవుతాయి. బిగువైన స్ప్రింగులు నున్నని బాటపై కారును ఒరగనీయవు. గతుకుల దారిలో చక్రాలను నేలనుండి ఎగరవేస్తాయి. జర్మనీలో ఇటువంటి మార్పులను నిపుణుడు పరీక్షించి పత్రాలలో నమోదు చేయవలసి ఉండటానికి కారణం ఇదే. మన దేశంలోనూ 1988 నాటి మోటారు వాహనాల చట్టం వాహనాన్ని ఇష్టానుసారం మార్చనీయదు.

నడపడంలోనూ మెలకువ అవసరం. ఈ కార్లలో అధికభాగానికి ముందు చక్రాలే కారును లాగుతాయి, తిప్పుతాయి. రెండు పనులూ ఒకేసారి అతిగా అప్పగిస్తే టైర్లు పట్టు వదలి, కారు మలుపు వెలుపలికి జారుతుంది. బెదరి చటుక్కున యాక్సిలరేటరు వదిలితే బరువు ముందుకు వాలి, తేలికపడిన వెనుకభాగం గిరుక్కున తిరగవచ్చు. తిన్నని దారిలోనే వేగం తగ్గించుకొని మలుపులో ప్రవేశించడం నేర్పరుల పద్ధతి.

అనుభవజ్ఞులు చివరి చుట్టును నెమ్మదిగా పూర్తిచేసి బ్రేకులను చల్లారనిస్తారు. కాలుతున్న డిస్కులపై హ్యాండ్‌బ్రేకు బిగించక, కారును గేరులో ఉంచి నిలుపుతారు. వేడికి పెరిగిన పీడనాన్ని తగ్గించడానికి బాటపై టైర్లనుండి తీసివేసిన గాలిని, అవి చల్లారిన పిమ్మట తిరిగి నింపి, ఇంటి దారి పడతారు.