పంజరపు చిలుకకు రాత్రి నిద్ర

దీపాలు పెట్టిన పిమ్మట పంజరములోని పక్షి అరపు మానకుండుట, నడిరేయి ఉలికిపడి రెక్కలు కొట్టుకొనుచు తన నిద్రయు ఇంటివారి నిద్రయు చెఱచుట నేడు పల్లెలలోను పలువురు చెప్పుకొను బాధ. పంట అమ్మ పట్టణమునకు పోయిన రైతు పిల్లల ముచ్చటకై ఒక జత పక్షులను కొని తెచ్చును. అమ్మువాడు గింజల పొట్లము నిచ్చునేకాని, ఆ పక్షి ఎట్లు నిద్రించునో చెప్పడు. ఎడ్లకును కోళ్ళకును రాత్రి వసతి ఎట్లుండవలెనో మన సభ్యులకు ఒకరు నేర్పనక్కఱలేదు. ఆ తెలివినే కొంచెము మార్చి ఈ చిన్న ప్రాణి విషయమున వాడుకొనవలసియున్నది.

ఏ చిలుక అను ప్రశ్న మొదట తీర్చుకొందము. మన జామతోటలలో వాలు రామచిలుకను పట్టుటగాని, అమ్ముటగాని, కొనుటగాని, పంజరమున పెంచుటగాని 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పూర్వజన్మమున చిలుకను పంజరమున బంధించిన పాపముననే రామదాసు గోలకొండ చెఱసాలలో పండ్రెండేండ్లు ఉండవలసివచ్చెనని పెద్దలు చెప్పు కథ ఈ చట్టముకంటె చాల పాతది. అట్టి చిలుక ఎవరి యింటనైన నున్నచో అటవీశాఖవారికి అప్పగింపవలెను. రెక్కలు కత్తిరించిన దానిని తలుపు తీసి విడిచిపెట్టుట పిల్లినోట పెట్టుటయే. మకావ్, ఆఫ్రికా బూడిదరంగు చిలుక మొదలగు విదేశీ పక్షులు గలవారు 2024వ సంవత్సరపు నియమముల ననుసరించి నమోదు చేయించుకొనవలెను. మనమిచట మాటాడుకొనునది ఆస్ట్రేలియా దేశపు రెండు చిన్న చిలుకలను గూర్చి: ఒకటి అంగళ్ళలో లవ్ బర్డ్స్ అను పేర అమ్ము బడ్జరిగారు (నిజమైన లవ్ బర్డ్ ఆఫ్రికాది, వేఱు జాతి), రెండవది నెత్తిన తురాయిగల కాకటీలు. బడ్జరిగారును 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు ప్రాణముతో ఇంగ్లండునకు గొనిపోయెను. నేడు అంగళ్ళకు వచ్చునవి తరతరములుగా పంజరములలోనే పుట్టి పెరిగినవి.

పొలముగట్టున మఱ్ఱిపైనో రావిపైనో సాయంకాలము రామచిలుకలు చేరుట చూడనివారు మనలో లేరు. ప్రొద్దు క్రుంకుచుండగా గుంపులుగా వచ్చి, ఒకదాని నొకటి పిలుచుచు, కొమ్మకై కలహించుచు చెట్టంతయు హోరెత్తించును. చీకటి చిక్కబడగానే సద్దుమణగును. పంజరములోని చిన్న చిలుకయు గుంపుతో బ్రతుకు జాతిదే; ఆ స్వభావమును విడువదు. కావున సందెవేళ కొంతసేపు అది చేయు రొద రోగము కాదు, మొండితనమును కాదు. కసరుట వ్యర్థము. కసరినను లాలించినను దానికి ఒకటే. పిలిచినంతనే మనిషి వచ్చెనని తెలిసికొని, మఱునాడు ఇంకను గట్టిగా పిలుచును. అది అరవకముందే ఎవరైన దగ్గఱ కూర్చుండి మెల్లగా మాటాడి, ప్రొద్దుండగానే గింజలు తిననిచ్చి, పిమ్మట దీపము తగ్గించి లేచిపోవుట మేలు. చీకటిలో ఊరక పిలిచినచో బదులు పలుకరాదు. ఈ నియమమును ఇంటిలో అందఱును పాటింపవలెను. ఒకరు పాటించి ఇంకొకరు పరుగెత్తిపోయినచో పక్షి ఆ రెండవవారిని నమ్ముకొనును.

చిలుకకు రాత్రి 10 మొదలు 12 గంటల చీకటి కావలెను. మన ప్రాంతమున పగలు ఏడాది పొడుగున సుమారు 11 గంటలకును 13 గంటలకును నడుమ మాఱుచుండును గనుక, సూర్యుని ననుసరించినవారికి లెక్కలతో పనిలేదు. చిక్కంతయు మన దీపములతో వచ్చినది. టీవీ రాత్రి పదింటివఱకు మ్రోగుచుండును. పాలు పితుకుటకు నాలుగింటికే దీపము వెలుగును. నడుమ మిగిలినది ఆఱు గంటలు. పక్షి ఎల్లకాలము ముందుగదిలోనే యుండవలెనను నియమము లేదు. సందెవేళ వేఱొక గదిలోనికి, వీలైనచో రాత్రికై కేటాయించిన చిన్న పంజరములోనికి మార్చుట అలవాటు చేసినచో కొలదిదినములలో అదియే వేళకు అటు చూచుచుండును.

గదిలో సన్నని దీపము రాత్రియంతయు ఉంచుట మంచిదనువారు కలరు. ఈ విషయమున 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిసికొనదగినది. కానవాన్, మార్గోలియాష్ అను శాస్త్రజ్ఞులు బడ్జరిగారుల మెదడునందలి విద్యుత్తరంగములను రాత్రులందు కొలిచిరి. మనుష్యులకు కలలు వచ్చునట్టి, కనుగ్రుడ్లు కదలు నిద్ర ఈ పక్షులకును కలదనియు, చీకటిలో అది మొత్తము నిద్రలో నూటికి 26.5 వంతులుండెననియు తేల్చిరి. ఎడతెగని మసక వెలుతురులో అది 12.3 వంతులకు పడిపోయెను. అనగా సగముకంటె తక్కువ. కన్నులు మూసికొని కొయ్యపై కూర్చున్నది గదా యని మనము తృప్తిపడినను, వెలుతురులోని నిద్ర దానికి పూర్తి నిద్ర కాదన్నమాట. కాకటీలు విషయమున మాత్రము ఒక మినహాయింపు కలదు. చీకటిలో చప్పుడు వినినంతనే భీతిల్లి, ఎగిరి, కమ్ములకు కొట్టుకొను గుణము ఆ జాతికి హెచ్చు. పదేపదే అట్లు జరుగు ఇంట దూరముగా చిన్నదీపము నుంచుట తప్పదు. అయినను దీపమునకు ముందు, ఆ భయమునకు కారణమేమో వెదకుట మన పని.

పల్లెటూరి యిండ్లలో ఆ కారణము తఱచుగా ఎలుక. పగలు పక్షి చిమ్మిన గింజలు పంజరము క్రింద పడియుండును. రాత్రి ఎలుకలు వచ్చును. ఎలుకల వెంట పాము వచ్చును. ఆ చప్పుడు పక్షికి వినబడును, పంజరము కమ్మిపై ఎలుక ప్రాకినచో దానికి ప్రాణములు పోయినంత పనియగును. కనుక దీపము తగ్గించుటకు ముందే క్రింది పళ్ళెమును తీసి దులిపి, నేలను ఊడ్పించి, గింజల డబ్బాకు మూత బిగింపవలెను. (గింజల మాట వచ్చినది గనుక: విత్తనశుద్ధి మందు పట్టించిన జొన్న, సజ్జ మిగిలినవని పంజరములో వేయువారు కలరట. అది పక్షికి విషము.) పంజరమును వసారాలో వ్రేలాడదీయుట మనవారికి వాడుక. రాత్రివేళ అది తగదు. గాలికి ఊగును, పిల్లి అందుకొనును, మోటారు వేయ లేచినవారి టార్చిలైటు దానిపై పడును. ఇంటిలోపల, ఒక ప్రక్క గోడ ఆనుకొనునట్లు, మనిషి ఱొమ్మెత్తున కదలని బల్లపై నుంచవలెను. వంటగది పనికిరాదు, నాన్‌స్టిక్ పెనము మాడినపుడు వచ్చు ఆవిరి పక్షులను నిమిషములలో చంపును. దోమల చుట్టల పొగయు దాని ఊపిరితిత్తులకు చెఱుపు. ముసుగువస్త్రముపైననే ఒక దోమతెర కప్పుట సులభము.

ముసుగువస్త్రము పలుచని ముదురురంగు నూలుబట్టయై యుండవలెను. మూడుప్రక్కల కప్పి ఒకప్రక్క గాలికి విడువవలెను. మన యెండలకాలమున రగ్గు కప్పినచో పక్షి ఉడికిపోవును. అంచుల దారములు వ్రేలాడుచున్న బట్ట వలదు, గోళ్ళు చిక్కుకొనును. కూర్చుండు కొయ్య వేపకొమ్మయో జామకొమ్మయో అయినచో పట్టు బాగుగా దొరకును. పై మూలనున్న కొయ్యనే పక్షి నిద్రకు ఎంచుకొనును గనుక దాని దగ్గఱ గంటలు, అద్దములు కట్టరాదు. మట్టిపిడత కట్టినచో అందు పండుకొనునని అంగడివారు చెప్పుట వట్టిమాట. బడ్జరిగారు కొయ్యపైననే నిద్రించును. పిడత గ్రుడ్లు పెట్టుటకు. ఏడాదియంతయు కట్టియుంచినచో ఆడుపక్షి గ్రుడ్లు పెట్టి పెట్టి చిక్కిపోవును.

ఇన్ని చేసినను ఒకరాత్రి పక్షి బెదరి కొట్టుకొన్నచో చేయి లోనికి పెట్టరాదు. దూరముగా చిన్నదీపము వెలిగించి, తెలిసిన గొంతుతో మెల్లగా మాటాడుచుండవలెను. కుదుటపడిన పిమ్మట రెక్కలు చూడవలెను. క్రొత్తగా మొలచు ఈకలలో రక్తము ప్రవహించుచుండును. అది విఱిగినచో కారుచుండును. శుభ్రమైన గుడ్డతోగాని, కార్న్‌ఫ్లోరు అద్ది గాని కొన్ని నిమిషములు మెల్లగా అదిమిపెట్టి, ఆగనిచో వెంటనే పశువైద్యునియొద్దకు గొనిపోవలెను. ఇంత చిన్న ప్రాణికి కొలది రక్తము పోవుటయు అపాయమే. దీపావళికి, వీధిలో పెండ్లిమైకులున్న దినములకు ముందే పంజరమును లోపలిగదికి మార్చి, ఆ ఒక్కరాత్రి దీపముంచినను దోషము లేదు.

ఆరోగ్యముగల పక్షి తఱచుగా ఒంటికాలిపై నిలిచి, తల వెనుకకు త్రిప్పి ఈకలలో ముక్కు దాచి నిద్రించును. పగటివేళ రెండుకాళ్ళపై ఈకలు ఉబ్బించి కునుకుట, కొయ్య విడిచి పంజరపు నేలపై కూర్చుండుట, ఊపిరికొక తూరి తోక ఎగురవేయుట కానవచ్చినచో అది నిద్రలేమి యని ఊరకుండరాదు, జబ్బు. ఆ దినముననే వైద్యునికి చూపవలెను. రోగము కనబడనీయక దాచుకొనుట పక్షుల స్వభావము. మనకు కనబడునప్పటికే అది ముదిరియుండును.