కాక చెవికి అందని మాట.. కాగితం మీద

భివండీ: పద్మనగర్‌లో రెండు గదుల ఇల్లు. తెల్లవారుజామున నాలుగింటికే ఇంటి పెద్దాయన లేస్తాడు. ముఖం కడుక్కుని, చాయ్ పెట్టుకుని, టీవీ పక్కనున్న రాగిచెంబు ఎత్తి చూస్తాడు. దాని కింద మడత పెట్టిన కాగితం ఉంటుంది. కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు తీసిన తెలుగు కాగితం. పెద్దాయన అద్దాలు పెట్టుకుంటాడు. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకుంటాడు. చాయ్ చల్లారినా పట్టదు.

ఆ కాగితం రాసినవాడు పక్క గదిలో నిద్రపోతున్న ఆయన కొడుకే. ఐరోలీలో ఓ కంపెనీలో సాఫ్ట్‌వేర్ డెవలపర్. రాత్రి వచ్చేసరికి పది దాటుతుంది. ఒక్కోసారి ఇంటికొచ్చాక కూడా అమెరికా వాళ్లతో ఫోన్లు ఉంటాయి. అవన్నీ అయ్యాక, పడుకునే ముందు, ఓ పేజీ రాస్తాడు. 2012లో మొదలుపెట్టాడు. మధ్యలో ఆగింది, మళ్లీ నడిచింది.

ఒకే ఇంట్లో ఉంటూ కన్నతండ్రికి ఉత్తరాలేంది అని మీకు అనిపించవచ్చు. నాకూ అట్లాగే అనిపించింది. పెద్దాయన నాకు వరసకు కాక అవుతాడు, రాసేవాడు తమ్ముడు. 'రాస్తే రాయి గని మా పేర్లు ఏసి పరేషాన్ చేయకు అన్నా' అన్నాడు. అందుకని పేర్లు రాయడం లేదు.

సాంచలు తిన్న చెవులు

కాకది సిరిసిల్ల దిక్కు పల్లె. తాత గుంట మగ్గం మీద నేసేవాడు. మగ్గం కూడు పెట్టని రోజులొచ్చాక, 1970ల చివర్లో కాక భివండీ బండెక్కాడు. అప్పటికే మన పద్మశాలీలు కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ సాంచల మీద పనిచేస్తున్నారు. భివండీలో, సిరిసిల్లలో మరమగ్గం అంటే ఎవరికీ అర్థం కాదు, సాంచ అంటేనే తెలుస్తుంది. మొదట కండెలు చుట్టాడు, తర్వాత నాలుగు సాంచలు, ఆ తర్వాత ఆరు. పన్నెండు గంటల షిఫ్టు. పదిహేను రోజులకోసారి పగారు, మీటర్ల లెక్కన. శుక్రవారం సుట్టీ. ఇట్లా నలభై ఏండ్లకు దగ్గర.

సాంచల షెడ్డులో ఐదు నిమిషాలు నిలబడితే చప్పుడంటే ఏంటో తెలుస్తుంది. ఒక్కో సాంచ నాడెను నిమిషానికి వందసార్లకు పైగా ఈ పక్క నుంచి ఆ పక్కకు కొడుతుంది. రేకుల కప్పు కింద అట్లాంటివి ఇరవై, ముప్పై. మన ఫ్యాక్టరీల నియమాల ప్రకారం ఎనిమిది గంటల షిఫ్టుకు చప్పుడు 90 డెసిబెల్స్ దాటకూడదు. షెడ్డుల్లో అది దాటడం మామూలే, పైగా షిఫ్టు పన్నెండు గంటలు. చెవిలో దూది పెట్టుకున్నవాణ్ని కూడా నేను అరుదుగానే చూశాను. లోపల ఒకరితో ఒకరు మాట్లాడేది చేతి సైగలతోనే.

ఈ చప్పుడు చెవిని ఒక్కసారిగా చెడగొట్టదు. ముందు పోయేవి సన్నటి ధ్వనులు. ఆడవాళ్ల, చిన్నపిల్లల గొంతులు ఆనవు. స, శ, త, ఫ లాంటివి జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. గట్టిగా అరిస్తే ఇంకా కలగాపులగం. చెవి లోపల దెబ్బతిన్న సన్నని కణాలు మళ్లీ మొలవవు. మిషను పెడితే చప్పుడు పెరుగుతుంది గానీ మాట తేటపడడం కష్టం. కాకకు మిషను కొనిచ్చారు. వారం పెట్టుకుని అల్మారాలో పడేశాడు. 'గిన్నెలు పడ్డట్టే ఉంటది' అన్నాడట.

అట్లా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కాకి బీడీలు చుట్టుకుంటూ తనలో తను మాట్లాడుకునేది. కొడుకు అరిచి చెప్పేవాడు, కాక తనను తిడుతున్నాడనుకునేవాడు. ఒక రోజు గ్యాసు బండ గురించి మొదలైన మాట పెద్ద పంచాయితీ అయింది. మర్నాడు తమ్ముడు చిట్టీ రాసి పెట్టాడు. అప్పుడు అసలు చిక్కు బయటపడింది. చిట్టీ మరాఠీలో ఉంది. కాక ఊళ్లో ఐదో తరగతి దాకా చదివింది తెలుగు. హిందీ బోర్డులు కూడబలుక్కుంటాడు గానీ పేజీ చదవలేడు. కొడుకేమో మరాఠీ మీడియం, తర్వాత ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతాడు, చేత్తో రాయడం రాదు.

ఈ ముచ్చట ఒక్క ఇంటిదే కాదు. భివండీలో, ముంబయిలో, సోలాపూర్‌లో ఎన్ని తెలుగిళ్లు చూసినా ఇదే. ముంబయిలో కార్పొరేషన్ తెలుగు బడులు నడుపుతోంది గానీ, పిల్లగాడికి నౌకరీ దొరకాలంటే ఏం చదవాలో తల్లిదండ్రులకు తెలుసు. వాళ్లను తప్పుపట్టలేం. మా ఇంట్లో నాకు తెలుగు రావడం కూడా మా నాన్న మొండిపట్టు వల్లే.

పద్మ, లేఖిని

తమ్ముడికి దారి దొరికింది కంప్యూటర్‌లోనే. ఇంగ్లీషు కీబోర్డు మీద 'అమ్మ' అని ఎట్లా పలుకుతామో అట్లా కొడితే తెర మీద తెలుగులో 'అమ్మ' వస్తుంది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో అందరూ చేసే పనే. అయితే అది ఊరికే రాలేదు.

అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు 1990ల మొదట్లోనే, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఒక పద్ధతి కట్టారు. ఆర్‌టీఎస్ అన్నారు దాన్ని. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, మామూలు కంప్యూటర్లో తెలుగు సరిగ్గా కనబడడానికి విండోస్ ఎక్స్‌పీ, దాంతో వచ్చిన గౌతమి ఫాంటు దాకా ఆగాల్సి వచ్చింది. వెన్న నాగార్జున 'పద్మ' అనే పనిముట్టు చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు మొదటి అడుగు వేసిందీ ఆయనే. పద్మను ఆధారం చేసుకుని వీవెన్ 2006లో 'లేఖిని' తయారుచేశారు. పద్మనగర్ పద్మశాలి పిల్లగాడికి పద్మ అక్కరకొచ్చిందన్నమాట!

గుర్తుంచుకోవాల్సింది ఏమంటే, ఇవి జీతానికి చేసిన పనులు కావు. నౌకరీ అయ్యాక, ఇంట్లో వాళ్లు పడుకున్నాక చేసినవి. ఆ రోజుల్లో తెలుగులో బ్లాగులు రాసినవాళ్లలో కూడా చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్లే. ముంబయిలోనే మనకు ఇంకో మనిషి ఉండేవారు, కొడవటిగంటి రోహిణీప్రసాద్. భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త, సితార్ వాయించేవారు, కుటుంబరావుగారి అబ్బాయి. సైన్సు సంగతుల్ని తేలిక తెలుగులో రాస్తూనే ఉన్నారు, 2012లో కన్నుమూసేదాకా. తమ్ముడు రాయడం మొదలుపెట్టిందీ ఆ ఏడే. వీడికి ఆయన పేరు కూడా తెలియదు, నేనే చెప్పాను.

ఎర్ర పెన్ను

మొదటి పేజీలు చూస్తే నవ్వొస్తుంది. 'నీ కాల్లు ఎట్లున్నయ్ బాపు' అని ఉంటుంది. కాక దాని కింద ఎర్రగా గీత గీసి 'కాళ్లు' అని దిద్దాడు. సుక్రవారం అని రాస్తే శుక్రవారం అని దిద్దాడు. పలికినట్టు కొట్టడంలో ఉన్న తిరకాసు ఇదే. ల ఏదో ళ ఏదో, స ఏదో శ ఏదో ముందే తెలిసి ఉండాలి. మిషను చెప్పదు. కొడుకుకు వినబడుతుంది గానీ రాత తెలియదు, తండ్రికి రాత తెలుసు గానీ వినబడదు.

దిద్దుబాటు అక్షరాలతో ఆగలేదు. 'మాట్లాడినట్టు రాయొద్దు. పుస్తకంలో ఉన్నట్టు రాయాలె' అని కాక ఒకసారి కాగితం వెనకాల రాశాడు. తెల్లారి చెంబు కింద జవాబు: 'నువ్వు మాట్లాడినట్టే రాస్తున్న బాపు.' ఆ తర్వాత కాక ఆ ఊసెత్తలేదట.

పేజీల్లో గొప్ప ముచ్చట్లేం ఉండవు. ఠాణేలో బండి తప్పింది. కల్యాణ్ రోడ్డు మీద షేర్ ఆటో గుంతలో పడింది. బిడ్డకు పన్ను ఊగుతోంది. ఆఫీసులో కొత్త మేనేజరు ఎక్కడివాడు, ఏం తింటాడు. కాకకు మొదటి నుంచీ పట్టుకున్న ప్రశ్న ఒక్కటే, వీడు రోజంతా చేసే పని ఏంటి? బట్ట కనబడదు, టాకా లెక్క ఉండదు, మరి పగారు దేనికి ఇస్తున్నారు? తమ్ముడు నెలల తరబడి దీనికే జవాబు రాశాడు. నేను చూసిన వాటిల్లో నాకు నచ్చిన పేజీ అదే. ప్రోగ్రాంలో తప్పు అంటే ఏంటో ఇట్లా చెప్పాడు: 'సాంచ మీద ఒక పోగు తెగితే సాంచ ఆగదు కద బాపు. నేస్తనే పోతది. ఎన్నో గజాలు పోయినంక బట్ట మీద గీత కనబడ్తది. అప్పుడు ఎన్కకు పోయి యాడ తెగిందో ఎతుకాలె. నేను చేసేది గదే.' కాక జవాబు: 'అయితే నువ్వు గూడ పోగులు అతికేటోనివే. మరి గంత పగారెందుకు?'

ఇద్దరూ చెప్పుకున్నది ఉత్త పోలిక కాదు. 1800ల మొదట్లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన అట్టముక్కలకు రంధ్రాలు పొడిచి, వాటి వరసను బట్టి మగ్గం మీద పువ్వులు నేయించాడు. మన పట్టుచీరల అంచులకు జకాట అని వాడేది అదే. అదే అట్టల ఆలోచనను ఇంగ్లండ్‌లో బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు తేల్చింది కూడా రంధ్రాల అట్టలే. కంప్యూటర్ వాళ్ల తాతలు మగ్గాల కాడివాళ్లే. తమ్ముడు ఇది రాసిన రోజు కాక ఆ కాగితాన్ని గల్లీలో నలుగురికి చూపించి వచ్చాడని కాకి చెప్పింది.

ఆగిన రోజులు

రోజూ రాయడం చెప్పినంత తేలిక కాదు. బిడ్డ పుట్టినప్పుడు నాలుగు నెలలు ఆగిపోయింది. రాత్రి మూడింటికి పిల్ల ఏడుస్తుంటే పేజీ ఎవడు రాస్తాడు? కాక ఏమీ అనలేదు. రోజూ చెంబు ఎత్తి చూసి దించేవాడు. ఒకరోజు ఆయనే తెల్ల కాగితం మడిచి చెంబు కింద పెట్టాడు. దాని మీద ఏమీ రాయలేదు. ఆ రాత్రి తమ్ముడు మూడు వరసలు రాశాడు. మూడు వరసలైనా సరే అని అప్పటి నుంచి రివాజు అయింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. భివండీ సాంచలన్నీ ఆగిపోయాయి. కాకకు నిద్ర పట్టలేదు. చెవికి వినబడకపోయినా నేల అదురు కాళ్లకు తెలిసేదట, అది లేకుండా పోయింది. కొడుకు ఇంటి నుంచే పని. పొద్దంతా ఎదురెదురుగా ఉన్నారు కాబట్టి ఇంకా రాసేదేముందని తమ్ముడు మానేశాడు. వారం చూసి కాక అడిగాడు, 'కాగితమేది?' అని. ఎదురుగా ఉన్నాం కదా అని సైగ చేస్తే, 'ఎదురుంగ ఉంటే నువ్వు ఫోను సూస్తవు' అన్నాడు.

ఆ నెలల్లోనే కాక ఎక్కువ రాశాడు. 1984 మే నెలలో భివండీలో అల్లర్లు జరిగినప్పుడు తను ఎట్లా ఊరికి పోయాడో, మళ్లీ ఎందుకు తిరిగి వచ్చాడో రెండు పేజీలు. నలభై ఏండ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పని ముచ్చట. ఆ రెండు పేజీలు నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.

ట్రంకు పెట్టె

2018లో తమ్ముడి కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయింది. ఊరందరి డేటా కాపాడేవాడు తన సొంత రాత ఇంకోచోట దాచుకోలేదు! అప్పటిదాకా రాసినవన్నీ పోయాయని రెండు రోజులు అన్నం తినలేదు. కాక ట్రంకు పెట్టె తెరిచి చూపించాడు. సాంచల దారంతో కట్టిన మూడు కట్టలు. ఒక్క కాగితం పోలేదు, ఎర్ర గీతలతో సహా ఉన్నాయి.

కంప్యూటర్‌లో రాసింది కాగితం కంటే గట్టిదని మనం అనుకుంటాం. జియోసిటీస్ 2009లో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. తెలుగు సాహిత్యం మీద ఎన్నో వాదులాటలు నడిచిన రచ్చబండ యాహూ గ్రూపుల్లోనే ఉండేది, ఆ గ్రూపులు 2020 డిసెంబరులో ఆగిపోయాయి. మా పత్రికల వాళ్లమూ తక్కువేం కాదు. ఒకప్పుడు ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో రాసిన వార్తల ఫైళ్లు ఇప్పుడు తెరిస్తే పిచ్చి గీతలే. పేపరు కటింగులు మాత్రం అమ్మ దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు నాలుగో కట్ట నడుస్తోంది. చెంబు కింద ఈ మధ్య రెండు కాగితాలు ఉంటున్నాయి. రెండోది మనవరాలిది. ఇంగ్లీషు మీడియం పిల్ల. పెద్ద పెద్ద వంకర అక్షరాలతో చేత్తోనే రాస్తుంది, తండ్రికి ఇప్పటికీ రాని పని. తాత దగ్గర కూర్చుని పలక మీద నేర్చుకుంది. మొన్నటి కాగితంలో చాక్లెట్ కావాలని ఉంది. కాక దాని మీద ఎర్ర గీత పెట్టలేదు.

ఈ వార్త పంపే ముందు ప్రింటు తీసి కాకకు చూపించాను. అద్దాలు సర్దుకుని మొత్తం చదివాడు. పెన్ను అడిగాడు. రెండు తప్పులు దిద్దాడు. ఒకటి కొమ్ము, ఇంకోటి వత్తు. ఆరు సాంచలు కాదు, ఎనిమిది నడిపించిన అని పక్కన రాసి నా చేతికిచ్చాడు.