కళ్లజోడు నంబరు చూపించుకుంటే చాలదు

షుగరంటే ఏమిటో అమెరికాలోని మనవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను రెటీనా క్లినిక్‌లో పనిచేస్తాను కాబట్టి మన సంఘం కమిటీవారు షుగరువల్ల కంటికొచ్చే జబ్బు సంగతి రాయమన్నారు. నాకు గుర్తొచ్చేది ఇన్సూరెన్సు కార్డు దగ్గర జరిగే తిరకాసే.

మా బావగారు ఏటా విజన్ ప్లాన్ మీద కళ్లజోడు షాపులో పరీక్ష చేయించుకునేవారు. చూపు 20/20, నంబరు మారలేదు, వెళ్లిరండి అనేవారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు ఒక్కసారీ వెయ్యలేదు. చివరికి మా దగ్గర చూస్తే రెటీనా నిండా రక్తపు మరకలు. మధ్యనున్న మాక్యులా చెడేదాకా చాలామందికి చూపు బాగానే ఉంటుంది, అదే మోసం.

అందుకని కంటి డాక్టరుకు ఫోన్ చేసినప్పుడే, చుక్కలు వేసి చూడమని ఇలా చెప్పండి: "నాకు షుగరుంది, డైలేటెడ్ ఎగ్జామ్ కావాలి, మెడికల్ ఇన్సూరెన్సుకు బిల్లు చెయ్యండి." విజన్ కార్డొక్కటే ఇస్తే కళ్లజోడు పరీక్షగానే రాసుకోవచ్చు. కోపే, డిడక్టబుల్ ఎంత పడుతుందో ముందే అడగండి. రిపోర్టు ప్రైమరీ డాక్టరుకు పంపించమనండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసక, కారు నడిపే మనిషి వెంట ఉండాలి. టైప్ 2 వాళ్లకు జబ్బు బయటపడగానే మొదటి పరీక్ష, తర్వాత మామూలుగా ఏడాదికోసారి.

ఆయుర్వేదంలో లేదా అని పెద్దవాళ్లు అడుగుతారు. సుశ్రుతుడు 76 నేత్రరోగాలు లెక్కగట్టాడు, మనం గర్వపడాల్సిందే. షుగరును పోలిన ప్రమేహానికి చరకుడు చెప్పిన కారణాలు కూర్చునే సుఖం, నిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు. అచ్చం మన వీకెండ్ పార్టీ! కానీ రెటీనాను చూపించే పరికరాన్ని హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త లోకానికి చూపింది 1851లో, కాబట్టి లోపలి రక్తపు మరకలు ఆ పెద్దలకు కనిపించే వీలు లేదు. నేటి ఆయుర్వేద వైద్యులు షుగరువల్ల వచ్చే రెటీనా జబ్బును పాత గ్రంథాల్లోని తిమిరమనే నేత్రరోగంతో పోలుస్తారు. కంటి చుట్టూ మినపపిండి గట్టు కట్టి త్రిఫల నెయ్యి పోసే తర్పణం హాయిగా ఉంటుందేమో గాని, లోపల కారే రక్తనాళాన్ని ఆపుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఆ పని చేసేవి లేజరు, కంటి ఇంజెక్షన్లు. ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు డాక్టరునడక్కుండా కంట్లో ఏదీ పొయ్యొద్దు. ఇక మింగే మందుల సంగతి: బోస్టన్‌లో మన దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉందని 2004లో తేలింది. చరకుడి మాట వినాలంటే వంటింట్లో వినండి: జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, తిన్నాక నడక. పిల్లలకూ అలవాటు చెయ్యండి.

అమ్మానాన్నల్ని పిలిపించుకునేవారు విమానం ఎక్కకముందే వాళ్ల రెటీనా చూపించండి. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుల్ని చాలావరకు ఒప్పుకోవు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉండనే ఉంది. 1987లో దాన్ని స్థాపించిన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారూ అమెరికా నుంచి వెనక్కి వెళ్లినవారే. అక్కడ తీసిన ఓసీటీ (రెటీనా స్కాన్) చిత్రాలు వెంట తెప్పించుకుంటే, ఇక్కడ డాక్టరు పోల్చి చూస్తారు.