కార్యాలయ కంప్యూటర్ల జీవితచక్ర నిర్వహణ

కార్యాలయ కంప్యూటర్ల జీవితచక్ర నిర్వహణ అనగా ఒక సంస్థలో ఉద్యోగుల బల్లలపై ఉండే డెస్క్‌టాప్ కంప్యూటర్లను ఎంచి కొనడం, పనికి సిద్ధపరచడం, వాడుకలో ఉన్నంతకాలం మరమ్మతులు చేయించడం, గడువు తీరిన పిమ్మట సేవ నుండి తొలగించడం అనే పనులన్నింటినీ ఒకే ప్రణాళిక క్రింద నడిపే పద్ధతి. చాలా కార్యాలయాలలో ఈ పనులు వేర్వేరు చేతులలో ఉంటాయి. కొనుగోలు విభాగం ధర చూస్తుంది, కంప్యూటరు విభాగం మరమ్మతులు చూస్తుంది, స్టోర్సు విభాగం పాత సామానును వేలం వేస్తుంది. యంత్రాన్ని ఎన్నేళ్ళు వాడాలి, దాని ఆపరేటింగ్ సిస్టం గడువు ఎప్పుడు తీరుతుంది, చివరకు హార్డు డిస్కు ఎవరి చేతికి చేరుతుంది అనే విషయాలను కొనేనాడే నిర్ణయించవలసి ఉండగా, అవి ఎవరి పరిధిలోనూ లేకుండా పోతాయి. ఆ నష్టం అయిదారేళ్ళ తరువాత గాని బయటపడదు. ఈ వ్యాసంలో ప్రధానంగా భారతదేశంలోని కార్యాలయాల పద్ధతి వివరించబడింది.

మొత్తం ఖర్చు

కంప్యూటరుకు చెల్లించిన ధర దానికయ్యే ఖర్చులో ఒక భాగం మాత్రమే. సాఫ్ట్‌వేరు లైసెన్సులు, విద్యుత్తు, యు.పి.ఎస్. బ్యాటరీలు, మరమ్మతులు, సాంకేతిక సిబ్బంది జీతాలు, యంత్రం చెడిపోయి ఉద్యోగి ఖాళీగా కూర్చున్న సమయం - ఇవన్నీ కలిపితే వచ్చేదానిని యాజమాన్యపు మొత్తం ఖర్చు అంటారు. కంప్యూటర్ల విషయంలో ఈ లెక్కను 1987లో అమెరికాకు చెందిన గార్ట్‌నర్ సంస్థ ప్రచారంలోకి తెచ్చింది.

లెక్కల పుస్తకాలలో కంప్యూటరు ఆయుష్షు చాలా తక్కువ. 2013 నాటి కంపెనీల చట్టం రెండవ షెడ్యూలులో డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ వంటి వాటికి 3 సంవత్సరాలు, సర్వర్లకు, నెట్‌వర్కు పరికరాలకు 6 సంవత్సరాలు ఉపయోగ కాలంగా చూపబడింది. ఆదాయపు పన్ను లెక్కలో 60 శాతంగా ఉన్న తరుగుదల రేటును 2017-18 ఆర్థిక సంవత్సరం నుండి 40 శాతానికి తగ్గించారు. అయితే పుస్తకాలలో విలువ కోల్పోయిన యంత్రం బల్లపై మరికొన్నేళ్ళు పనిచేస్తూనే ఉంటుంది. పనిచేస్తున్న వస్తువును మార్చడానికి నిధులు అడిగితే ఆడిట్ అభ్యంతరం వస్తుందేమోనన్న భయం దీనికి ఒక కారణం.

కొనుగోలు

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల కొనుగోళ్ళు 2016 ఆగస్టులో ప్రారంభమైన ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్ (జెమ్) ద్వారా జరుగుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వాల శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు కూడా దీనిని వాడుతున్నాయి. సాంకేతిక అర్హత ఉన్నవారిలో తక్కువ ధర చెప్పినవారికి ఆర్డరు ఇవ్వడం సాధారణ నియమం. దీనిని ఎల్-1 పద్ధతి అంటారు. కాబట్టి కొనేవారికి నిజమైన అధికారం ధర దగ్గర కాక, అంతకుముందు వ్రాసే సాంకేతిక వివరాల దగ్గర ఉంటుంది. వివరాలలో వ్రాయని గుణాన్ని తక్కువ ధర చెప్పినవారు ఇవ్వనవసరం లేదు.

చిన్న సంస్థలు మాత్రం చాలాకాలం విడిభాగాలతో కూర్చిన కంప్యూటర్లనే వాడుతూ వచ్చాయి. ఇటువంటి కొనుగోళ్ళకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు (సి.టి.సి.) పేరు పొందింది. వీటి ధర తక్కువే గాని, ప్రాసెసరుకు ఒకరు, మదర్‌బోర్డుకు ఒకరు, మానిటరుకు మరొకరు వారంటీ బాధ్యులు కావడంతో ఏ భాగం చెడిందో తేల్చే భారం కొనినవారిపైనే పడుతుంది.

ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలలో మిగిలిన నిధులతో ఒకేసారి వందల కంప్యూటర్లు కొనడం మరొక అలవాటు. ఒకే మోడలు అయితే సహాయం అందించడం తేలికన్న మాట నిజమే, కాని వారంటీ అన్నింటికీ ఒకేరోజు ముగుస్తుంది. తయారీలో లోపం ఉంటే అది కూడా అన్నింటిలోనూ ఉంటుంది. 2003-2005 మధ్య అమ్ముడైన డెల్ ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లు అనేకం లోపభూయిష్టమైన కెపాసిటర్లు ఉబ్బి, కారిపోవడం వలన మూలపడ్డాయి. వాటి మరమ్మతుల కొరకు ఆ సంస్థ 2005లో 30 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. ఏటా నాలుగవ వంతో అయిదవ వంతో మార్చుకుంటూ పోవడం ఇటువంటి ఇబ్బందికి తెలిసిన విరుగుడు. దీనికి ప్రతి సంవత్సరం నిధులు వస్తాయన్న నమ్మకం ఉండాలి.

సిద్ధపరచడం, సహాయం

వచ్చిన యంత్రాలకు స్టాకు సంఖ్య వేసి, సీరియల్ నంబరుతో సహా రిజిస్టరులో ఎక్కిస్తారు. ఆపరేటింగ్ సిస్టం, కార్యాలయానికి కావలసిన సాఫ్ట్‌వేరు ఒక యంత్రంలో అమర్చి, దాని నకలును మిగిలినవాటిలో దించుతారు. ఉద్యోగులకు నిర్వాహక అధికారం లేని సాధారణ ఖాతా ఇవ్వడం మంచిది. ఆ ఖాతాలో తెలియక తెరచిన వైరసుకు కంప్యూటరంతటిపై పట్టు దొరకడం కష్టం.

వారంటీ తీరిన తరువాత వార్షిక నిర్వహణ ఒప్పందం (ఎ.ఎం.సి.) కుదుర్చుకుంటారు. ఇందులో విడిభాగాలు కలిసినది, కలవనిది అని రెండు రకాలు. మరమ్మతు ఫిర్యాదులలో చాలావరకు చిన్నవే. మదర్‌బోర్డుపై ఉండే సి.ఆర్. 2032 అనే బిళ్ళ బ్యాటరీ అయిపోతే, యంత్రం ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉన్న కంప్యూటరులో బ్యాంకు, ప్రభుత్వ వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవు గనుక అవి తెరుచుకోవు. ఫిర్యాదు "ఇంటర్నెట్ పనిచేయడం లేదు" అని వస్తుంది, బాగుచేయడానికి కావలసినది కొద్ది రూపాయల బ్యాటరీ.

ఆపరేటింగ్ సిస్టం గడువు

డెస్క్‌టాప్ ఆయుష్షును నిర్ణయించేది దాని ఇనుము కాదు, దానిలోని ఆపరేటింగ్ సిస్టం. విండోస్ ఎక్స్.పి.కి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ తేదీ తరువాత బయటపడిన లోపాలకు ఉచిత సవరణలు రావు. విండోస్ 10 వాడే సంస్థలు అదనపు భద్రతా సవరణలను మూడేళ్ళపాటు కొనుక్కోవచ్చు. ఒక్కొక్క యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లుగా ప్రకటించిన ఈ ధర ఏటేటా రెట్టింపవుతుంది. మూడేళ్ళకు కలిపి 427 డాలర్లు కట్టే బదులు క్రొత్త యంత్రం కొనడమే మేలని అనేకులు భావించడంలో ఆశ్చర్యం లేదు.

2021లో వచ్చిన విండోస్ 11 టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటును, గుర్తింపు పొందిన ప్రాసెసరును కోరుతుంది. ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందటి కోర్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ ఈ జాబితా వెలుపలే ఉన్నాయి. అందువలన 2016లో కొన్న యంత్రం చక్కగా పనిచేస్తున్నా ముందుకు పోలేదు. అటువంటివాటిలో లినక్స్ అమర్చి వాడటం ఒక మార్గం.

సవరణ విడుదలైనంత మాత్రాన పని పూర్తికాదని 2017 మే నెలలో వ్యాపించిన వాన్నాక్రై దాడి చూపింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చిలోనే సవరణ ఇచ్చింది. దాడికి గురైనవాటిలో అత్యధికం అప్పటికి మద్దతు ఉన్న విండోస్ 7 యంత్రాలే. వాటిలో ఆ సవరణ ఎక్కించలేదు. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి.

పాత యంత్రాలు కదలకపోవడం

గడువు తీరిన కంప్యూటరు ఒకటి రెండు కార్యాలయపు మూలన మిగిలిపోవడం సర్వసాధారణం. ఇది నిర్లక్ష్యమని తీర్పు చెప్పేముందు దానిలో ఏముందో చూడాలి. ఫాక్స్‌ప్రోలో వ్రాసిన జీతాల ప్రోగ్రాము, సమాంతర పోర్టుకు తగిలించిన డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఇందుకు ఉదాహరణలు. తెలుగు కార్యాలయాలలో, ముద్రణాలయాలలో మరొక కారణం ఉంది. యూనికోడ్ స్థిరపడకముందు అను వంటి ఫాంట్లతో టైపు చేసిన పత్రాలు ఆ ఫాంట్లు లేని యంత్రంలో అర్థంలేని రోమను గుర్తులుగా కనిపిస్తాయి. గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు 2001 నాటి విండోస్ ఎక్స్.పి.తోనే వచ్చినా, అలవాటుపడిన కీబోర్డును, పేరుకుపోయిన దస్త్రాలను వదలడానికి చాలామందికి ఏళ్ళు పట్టింది. అటువంటి యంత్రాన్ని తీసేముందు పత్రాలను యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో మనిషి చదివి చూడాలి. అప్పటివరకు దానిని ఇంటర్నెట్‌కు, కార్యాలయ నెట్‌వర్కుకు దూరంగా ఉంచడం ఉత్తమం.

సమాచారం చెరపడం

ఫైలును తొలగించినా, డిస్కును త్వరిత ఫార్మాట్ చేసినా చెరిగేది విషయసూచిక మాత్రమే, విషయం అలాగే ఉంటుంది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ పాత డిస్కులు 158 కొని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కులలో సరిగా చెరిపినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య వివరాలు, ఉత్తరాలు దొరికాయి.

పాతరకం అయస్కాంత డిస్కు మొత్తంపై ఒకసారి వేరే సమాచారం వ్రాస్తే సాధారణ అవసరాలకు సరిపోతుంది. ఎస్.ఎస్.డి.లలో ఇది చాలదు. అరుగుదలను సమంగా పంచడానికి ఆ పరికరం వ్రాత చోటును తనంతట తానే మారుస్తుంది గనుక, పాత సమాచారం కంటికి కనబడని భాగాలలో మిగిలిపోగలదు. వీటికి తయారీదారు ఇచ్చిన చెరపు ఆదేశాన్ని వాడాలి. మొదటిరోజు నుండే డిస్కును గుప్తీకరించి ఉంచితే, చివరన తాళపుచెవిని నాశనం చేసినా చాలు. చెడిపోయిన డిస్కును ముక్కలు చేయడమే దారి. వారంటీలో డిస్కు మార్చినపుడు పాతదానిని కంపెనీ తీసుకుపోతుందన్న సంగతి చాలామంది గమనించరు. దానిని అట్టేపెట్టుకునే షరతును కొనేటపుడే ఒప్పందంలో చేర్చుకోవాలి. జిరాక్స్ యంత్రాలలో ఉండే డిస్కులకూ ఇదే వర్తిస్తుంది.

వేలం, ఈ-వ్యర్థాలు

ప్రభుత్వ కార్యాలయాలలో ఒక సంఘం యంత్రాన్ని పరిశీలించి పనికిరానిదిగా ప్రకటించిన (కండెమ్ చేసిన) తరువాతే అది స్టాకు నుండి పోతుంది. ఇందుకు పట్టే కాలంలో గదులు నిండిపోతాయి. ఒకప్పుడు వీటిని పాత కుర్చీలు, ఫ్యాన్లతో కలిపి తుక్కుగా వేలం వేసేవారు. 2012 మే 1న అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు దీనిని మార్చాయి. వాటి స్థానంలో 2016లోను, తరువాత 2023 ఏప్రిల్ 1 నుండి మరల క్రొత్త నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం ఎక్కువ సంఖ్యలో పరికరాలు వాడే సంస్థలు తమ ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారు, పునరుద్ధరణదారు లేదా రీసైక్లరుకే అప్పగించాలి. పాత గాజు మానిటర్లలో సీసం ఉండటం, రాగి కోసం బహిరంగంగా తీగలు కాల్చడం వలన విషవాయువులు వెలువడటం ఈ నియమాలకు నేపథ్యం.

అయితే పనికివచ్చే యంత్రాన్ని ముందుగానే పారవేయడం కూడా నష్టమే. 17 అంగుళాల గాజు మానిటరుతో కూడిన ఒక డెస్క్‌టాప్ తయారీకి సుమారు 240 కిలోల శిలాజ ఇంధనాలు, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు ఖర్చవుతాయని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2004లో వెలువరించిన అధ్యయనం అంచనా వేసింది. అందుకే డిస్కు చెరిపిన యంత్రాలకు మెమరీ పెంచి, ఎస్.ఎస్.డి. వేసి, లినక్స్‌తో పాఠశాలలకు, గ్రంథాలయాలకు ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది. ఏ దారిన పోయినా యంత్రం ఎవరికి చేరింది, దాని డిస్కును ఎవరు, ఏ తేదీన చెరిపారు అనే రెండు వివరాలు సీరియల్ నంబరు ఎదుట నమోదు చేసిన తరువాతే స్టాకు రిజిస్టరులో ఆ పద్దును మూయాలి.